కొండ టీచరు గారు

మా టీచరు గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను రావులపాలెంలో మా మందుల షాపులో ఒక పెద్దాయనకి దగ్గు మందు ఇస్తున్నాను. ఎదురుగా అరటి మార్కెట్టు. గెలలు ఎక్కించుకుంటున్న లారీల గోలలో ఫోన్లో తమ్ముడి మాట సగమే వినపడింది. "అక్కా, కొండ టీచరు గారు పోయేరే. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారంట, అంతే" అన్నాడు. మళ్లీ చెప్పమన్నాను. వినపడక కాదు, నమ్మబుద్ధి కాక.

మందు సీసా నా చేతిలోనే ఉండిపోయింది. పెద్దాయన నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అన్నారు.

"మా టీచరు గారు పోయేరండీ. సోషల్ చెప్పేవారు. కొండ టీచరు గారంటారు ఆవిణ్ణి."

ఆయన కళ్లజోడు సర్దుకుని, "కోనసీమలో కొండేంటమ్మా?" అన్నారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆగని ఏడుపొచ్చింది. ఆయనే స్టూలు జరిపి నన్ను కూర్చోబెట్టి, తన మందు తనే సంచిలో వేసుకుని వెళ్లారు.

ఆయన్ని అనడానికి లేదు. గోదారి పాయల మధ్య చాప పరిచినట్టుండే నేల మాది. ఇక్కడ కొబ్బరిచెట్టు కంటే ఎత్తుగా కనపడేది ఇంకో కొబ్బరిచెట్టే. అలాంటి చోట మా ఊరి చెరువు గట్టున ఒక మట్టి దిబ్బ ఉంది. మా ముత్తాతల కాలంలో చెరువు తవ్వి తీసిన మట్టంతా అక్కడే పోశారంటారు. ఎక్కితే డాబా మీదకి ఎక్కినంత ఎత్తు, అంతకంటే ఏమీ లేదు. దాన్నే మేం కొండ అంటాం. ఊరికి పెళ్లివారొస్తే భోజనాలయ్యాక తీసుకెళ్లి చూపిస్తాం. వాళ్లు మర్యాద కోసం మెచ్చుకుంటారు. మేం నిజంగానే పొంగిపోతాం.

కొండకి తూర్పున చెరువు, చెరువు రేవులో బట్టలుతుక్కునే బండలు. పడమట పంటకాలవ, దాని మీద నీళ్లు ఆపి వదిలే లాకులు, లాకుల పక్కన రెండు గదుల క్వార్టరు. ఉత్తరాన మా బడి. దక్షిణాన కొబ్బరి డొక్కలు ఆరేసుకునే ఖాళీ స్థలం, అది దాటితే పల్లంలో క్రైస్తవుల సమాధుల తోట. మా టీచరు గారి జీవితం దాదాపుగా ఈ నాలుగు దిక్కుల మధ్యే నడిచింది. భర్తగారికి లాకుల దగ్గర ఉద్యోగం కాబట్టి ఆ క్వార్టర్లోనే కాపురం పెట్టారు. మా బడిలోనే చేరారు, అక్కడే రిటైరయ్యారు.

ఆవిడది మాత్రం ఏజెన్సీ వైపు ఊరు. నిజం కొండల కింద పుట్టిన మనిషి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా మామ్మ గొప్పగా, "మా ఊళ్లో కొండ కూడా ఉందమ్మా" అందట. ఆవిడ నాలుగు వైపులా చూసి, "ఎక్కడండీ?" అన్నారట. అప్పుడు ఇద్దరూ దాని కిందే నించున్నారు. సంగతి తెలిశాక టీచరు గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వారని మామ్మ చాలా కాలం మూతి ముడుచుకుంది. "చదువుకున్నదానికి ఆ మాత్రం మర్యాద తెలీదా" అనేది. మర్నాడు ఆవిడ కొండెక్కి దిగొచ్చి, "నిజమేనండీ, కొండే. నిన్న సరిగ్గా చూడలేదు" అని చెప్పాకగానీ మామ్మ శాంతించలేదు.

అలా ఎందుకన్నారని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "మా కొండలు చూడ్డానికేనే అమ్మాయ్. పాములనీ అడవనీ మమ్మల్ని ఎక్కనిచ్చేవారు కాదు. కొండల కింద పుట్టేనుగానీ నేనెక్కిన కొండ ఇదొక్కటే" అన్నారు.

ఇక ఆవిడ దాన్ని దిగిందెక్కడ? సోషల్ పాఠాల్లో సగం కొండ మీదే. మైదానమూ, పీఠభూమీ, వాలూ అన్నీ అక్కడే నేర్చుకున్నాం. ఒకరోజు క్వార్టరు నించి బిందెడు నీళ్లు తెప్పించి కొండ నడినెత్తిన పోయించారు. నీళ్లు కాసేపు తటపటాయించి రెండు పాయలయ్యాయి. ఒకటి చెరువు వైపు, ఒకటి కాలవ వైపు. మేం రెండు జట్లయి మా పాయ ముందంటే మా పాయ ముందని అరుస్తూ వెంట పరిగెత్తాం. నేను జారిపడి పరికిణీ అంతా బురద చేసుకున్నాను. "రెండూ ఒక్క బిందెలో నీళ్లే కదమ్మా. ఎటు పడ్డాయన్నదే తేడా" అన్నారావిడ, నా పరికిణీ పిండుతూ. ఆ మాట నాకు పరీక్షలో రాలేదు కాబట్టి అప్పట్లో పట్టించుకోలేదు.

పిల్లల్ని కూడా "అండీ" అనేవారు. "కూర్చోండమ్మా", "అల్లరి ఆపండి బాబూ" అనేవారు. కోపమొస్తే మాత్రం "ఏమే" లోకి దిగేవారు. ఆవిడ "ఏమే" అన్న రోజున మాకు వణుకే. నేను పెద్దయ్యాక మాత్రం చనువు కొద్దీ నన్ను ఏమే అనడం మొదలుపెట్టారు. ఆదివారం గుడి నించి నేరుగా కొండెక్కేవారు, బైబిలు సంచీతోనే. దిగేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పక్కకి పక్కకి అడుగులేసేవారు. ఆ నడక మేమందరం అనుకరించేవాళ్లం. ఆవిడకి తెలుసు. ఒకసారి మా తమ్ముణ్ణి పిలిచి, "ఎడమ కాలు ముందు వెయ్యాలి బాబూ, సరిగ్గా చెయ్యండి" అని దిద్దారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఏటిగట్టుకి గండి పడింది. వరదొస్తే మా ఊళ్లో ఒక పద్ధతుంది. గొడ్లన్నిటినీ కొండ మీదకి తోలతారు. కొండ మీద ఏ ఇంటి గొడ్లకి ఆ ఇంటి చోటుంటుంది. తాతల నాటి చోట్లు. కాగితమూ లేదు, హద్దురాయీ లేదు, అయినా ఒకరి చోటులో ఇంకొకరు గూటం పాతరు. మా చోటు చెరువు వైపు, ఒక తాటిమొద్దు పక్కన. మాకు ఆనుకుని ఇప్పటి పంచాయతీ ప్రెసిడెంటు గారి నాన్నగారిది. గొడ్లతోపాటు మనుషులూ అక్కడే. గొడ్లు లేనివాళ్లకి మాత్రం చోటు లేదు.

క్వార్టర్లోకి నీళ్లొచ్చేశాయి. భర్తగారు లాకుల దగ్గర డ్యూటీలో ఉన్నారు. టీచరు గారు చంకలో కూతుర్ని పెట్టుకుని, కాళ్ల దగ్గర ట్రంకు పెట్టెతో కొండ మొదట్లోనే నించున్నారు. ఎక్కడ నించోవాలో తెలీక, అడగడానికి మొహమాటపడి, అలాగే తడుస్తున్నారు. మామ్మ చూసింది.

"టీచరమ్మా! అక్కడ నించున్నారేంటండీ? ఇలా వచ్చేయండి, మా చోటుంది."

"గొడ్లకి ఇరుకవుతుందేమోనండీ."

"గొడ్లు సర్దుకుంటాయి లెండి. సర్దుకోనిది మనమే" అంది మామ్మ, పెద్దగేదె వీపు మీద ఒకటి చరిచి పక్కకి తోస్తూ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో టీచరు గారికి కాఫీ ఇచ్చే గ్లాసు వేరేగా ఉండేది, అరుగు మీద గూట్లో. ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ రోజు కొండ మీద మాకున్నది ఒక్క గ్లాసు. మామ్మ తాగి, కడిగి, ఆవిడకిచ్చింది. ఆవిడ తాగి, కడిగి, నాకిచ్చారు. వరద తీశాక ఇంటికొచ్చి మామ్మ ఆ గూట్లో గ్లాసు తీసుకెళ్లి లోపలి గ్లాసుల్లో కలిపేసింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తర్వాత నేను ఫార్మసీ చదివాను, పెళ్లయింది, రావులపాలెంలో షాపు పెట్టుకున్నాను. టీచరు గారి భర్త పోయారు. కూతురు కాకినాడలో ఉద్యోగంలో చేరింది. ఆవిడ రిటైరై, కొండ పక్కనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఊళ్లో పాల ప్యాకెట్లొచ్చి గొడ్లు పోయాయి. గొడ్లు పోయాక కొండతో ఎవరికీ పని లేకపోయింది.

కోనసీమలో మట్టికి ఉన్న గిరాకీ తెలిసినవాళ్లకి తర్వాత కథ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేసుకోవాలి. అంటే పల్లంగా ఉన్న స్థలాన్ని మట్టి పోసి రోడ్డు కంటే ఎత్తు చేసుకోవాలి. పొరుగువాడు జానెడు మెరక చేస్తే మనం మూరెడు చెయ్యాలి, లేకపోతే వాడి వాన నీళ్లన్నీ మన వాకిట్లోకే. ఊరి చివర ప్లాట్లు వేశారు. వాటి మెరకకి కొండ తవ్వేద్దామని పంచాయతీలో అనుకున్నారు. ఊరి కోసమే కదా అన్నారు ప్రెసిడెంటు గారు. ఒక పొద్దున్న చెరువు వైపు నించి తవ్వకం మొదలైంది.

ఆ పూట నేను పుట్టింట్లో ఉన్నాను. టీచరు గారు గుమ్మంలోకొచ్చి మా అమ్మతో, "ఏవండీ, కొండ మీద మీ చోటెక్కడో గుర్తుందా?" అన్నారు.

"ఎందుకు లేదండీ? తాటిమొద్దు పక్కన కదా."

"ఆయ్. అక్కడే తవ్వుతున్నారు మరి" అని, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

అంతే. మా అమ్మకి ఎక్కడలేని పౌరుషం వచ్చేసింది. గేదెలు అమ్మేసి ఎన్నాళ్లో అయినా సరే, "మా చోటు తవ్వడానికి వాళ్లెవరండీ?" అంటూ పొయ్యి మీద కూర దింపేసి బయల్దేరింది. కొండ దగ్గరికెళ్తే అప్పటికే ఊళ్లో సగం మంది ఉన్నారు. టీచరు గారు ఇంటింటికీ వెళ్లి ఇదే మాట చెప్పారు మరి. ఎవరి చోటు వాళ్లకి గుర్తొచ్చింది. గుర్తొచ్చింది సరే, ఎవరి గుర్తు వాళ్లది. తాటిమొద్దు నించి ఇటంతా మాదంటే మాదని మొదలైంది. ఒకాయన గూటం తెచ్చి పాతితే ఇంకొకాయన పీకేశాడు. ఒకళ్లకొకళ్లు రుజువు చెప్పుకోవడానికి చచ్చిపోయిన ఎద్దుల పేర్లూ, ఆవుల పేర్లూ అన్నీ బయటికొచ్చాయి. ఆఖరికి ప్రెసిడెంటు గారి అమ్మగారే కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఒరే, మీ నాన్న చోటు ఇదేరా. నువ్వు పుట్టిన ఏడాది వరదలో నిన్ను ఒళ్లో పెట్టుకుని ఇక్కడే కూర్చున్నాను. దీన్నే తవ్విస్తున్నావా?" అన్నారు.

ప్రెసిడెంటు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఈ తగువు తీర్చడం నావల్ల కాదండి బాబూ" అని ట్రాక్టర్లు పంపించేశారు. తగువులో ఉన్న నేల జోలికి మా వైపు ఎవరూ పోరు.

"ఊరందరికీ భలే తగువు పెట్టేరండీ" అన్నాను సాయంత్రం.

"నేను తగువు పెట్టలేదే. గుర్తు చేసేనంతే" అన్నారు, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

కొండ మిగిలిందిగానీ, అప్పటికే చెరువు వైపు పెద్ద కోత పడిపోయింది. నిలువుగా కోసేసిన మట్టి వానొస్తే ఆగుతుందా? ప్రతి వానాకాలం కొంచెం కొంచెంగా పెళ్లలు విరిగి చెరువులో పడేవి. ఇలా వదిలేస్తే కొండ దానంతటదే చెరువులోకి జారిపోతుందని ఆవిడ బెంగ. కోతలో నాలుగు ట్రాక్టర్ల మట్టి పోసి గడ్డి నాటితే చాలని పంచాయతీకి చెప్పారు. ప్రెసిడెంటు గారు కనపడితే చెప్పారు. ఆయన ఎదురుపడకుండా వేరే సందులోంచి వెళ్లడం మొదలుపెట్టారు. ఎవర్నడిగినా "చూద్దామండీ" అనేవారు. మట్టి ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇంటికే చాలదు కదా.

మోకాళ్ల నొప్పులకి మందు కోసం బస్సెక్కి మా షాపుకొచ్చేవారు. స్టూలు మీద కూర్చుని, మార్కెట్టులో గెలలు చూస్తూ, "ఈ వానాకాలం ఆగుతుందంటావా?" అనేవారు. నేను మోకాళ్ల సంగతి చెప్పేదాన్ని, ఆవిడ కొండ సంగతి చెప్పేవారు.

"బరువులు ఎత్తుతున్నారా ఏంటండీ?"

"బరువేముందే? కొంచెం కొంచెమే కదా."

నీళ్ల బకెట్లేమో అనుకున్నాను. పనిమనిషిని పెట్టుకోమని చెప్పి పంపించాను.

అసలు సంగతి ఆవిడ పోయిన రోజున చూశాను. ముందు రోజు వాన పడింది. టీచరు గారి గేటు తీసేసరికి వాకిలంతా నీళ్లు. వీధిలో అన్ని వాకిళ్లూ రోడ్డుకి ఎత్తుగా ఉంటే, ఈ ఒక్కటీ మడుగులా ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడిచే లోపలికెళ్లాం. అందరం ఆవిడలాగే పక్కకి పక్కకి అడుగులేస్తూ.

కూతురు నన్ను పట్టుకుని ఏడుస్తూ, "వాకిలి మెరక చేయించుకోవే అమ్మా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానక్కా. చేయించుకోకపోతే పోయె, ఉన్న మట్టి కూడా గీకి పెయింటు డబ్బాతో పట్టుకెళ్లి ఆ కోతలో పోసేదట. రోజూ సాయంత్రం అదే పనంట. పక్కింటివాళ్లు ఇప్పుడు చెప్తున్నారు" అంది.

గోడవార పెయింటు డబ్బా ఉంది. పక్కన చిన్న పార. ఎవరి వాకిలి వాళ్లు ఎత్తు చేసుకునే ఊళ్లో ఆవిడ తన వాకిలి తీసుకెళ్లి కొండకి పెట్టారు. నాకు దుఃఖంతోపాటు సిగ్గు కూడా వేసింది. అక్కడున్న చాలామందికి వేసిందనుకుంటాను.

ప్రెసిడెంటు గారొచ్చారు. పంచె పైకి పట్టుకుని నీళ్లలో నించుని, ఆ డబ్బా వైపు చూశారు. సాయంత్రం పాస్టరు గారు ప్రార్థన చేశాక, సమాధుల తోటలో అందరం తలో పిడికెడు మట్టి వేశాం. ఆయన వంతొచ్చినప్పుడు మట్టి చేతిలో పట్టుకుని చాలాసేపు నించున్నారు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు చప్పుడయింది. గోదారి లంకల్లోంచి తెచ్చిన మట్టి లోడు కొండ వైపు వెళ్తోంది. అది ప్రెసిడెంటు గారు కొత్త ఇంటి మెరకకి తెప్పించుకున్న మట్టని ఊళ్లో అందరికీ తెలుసు. కూతురు పరుగున బయటికొచ్చి, "అమ్మ వాకిట్లో పోయిస్తారా అండీ?" అంది.

"లేదమ్మా. అక్కడే పోయిస్తాను" అన్నారాయన కోత వైపు చూపించి. "ఆవిడ అడిగింది అదే కదా."

"మరి మీ ఇంటికండీ?" అన్నారెవరో.

"ఇంటికి మళ్లీ చూసుకుందాం లెండి."

లోడు వెనక లోడు వచ్చింది. ఊళ్లో వాళ్లు పారలు తెచ్చారు. ఆడవాళ్లు కాలవ గట్టు మీద గడ్డిని మట్టితో సహా పెళ్లలుగా కోసి తట్టల్లో మోశారు. మా అమ్మ నడుం నొప్పి మరిచిపోయి కొబ్బరి మట్టతో మట్టి చదును చేసింది. మధ్యలో తాటిమొద్దు ఎవరిదన్న మాట ఒకసారి లేచిందిగానీ, "ఇప్పుడొద్దులెండి" అని రెండువైపులవాళ్లూ ఆపుకున్నారు. చీకటి పడేలోపు కోత పూడింది. కొత్త మట్టి గట్టిపడటానికి నాలుగు రోజులు ఎండ కాస్తే చాలన్నారు.

ఎండ కాయలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడినట్టు వాన. నేను షాపు మా ఆయనకి వదిలేసి బస్సెక్కాను. నాకు అక్కడ పనేమీ లేదు, వెళ్లి ఆపగలిగేదీ లేదు. అయినా కూర్చోలేకపోయాను. మా స్టాపులో దిగి, గొడుగేసుకుని, చెరువు గట్టు మీదకెళ్లాను.

అప్పటికే అక్కడ మనుషులున్నారు. రేవు పొడుగునా గొడుగులు. గొడుగులు లేనివాళ్లు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకున్నారు. ప్రెసిడెంటు గారున్నారు, పక్కన వాళ్లమ్మగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మా అమ్మ ఉంది. కూతురు ఉంది. పాస్టరు గారున్నారు. ఎవరూ ఎవర్నీ రమ్మనలేదట. అందరూ అటే చూస్తున్నారు. కొత్త మట్టి మీద నించి నీళ్లు కారుతున్నాయి. గడ్డి పెళ్లలు వణుకుతున్నాయి. ఒక మూల కొంచెం మట్టి జారితే, అందరి నోట ఒకేసారి అయ్యో అని వచ్చింది. అది జానెడు జారి ఆగింది.

వాన వెలిసేదాకా ఒక్కరూ కదల్లేదు. వెలిశాక కూడా కాసేపు అలాగే నించున్నాం, గొడుగులు ముడవకుండా. అప్పుడు ప్రెసిడెంటు గారి అమ్మగారు కుర్చీలోంచి లేచి, సమాధుల తోట వైపు తిరిగి, పక్కింటావిడకి చెప్పినట్టు గట్టిగా అన్నారు.

"ఆగిందమ్మా, టీచరమ్మా."